ట్యాలీ తెరుచుకోని సోమవారం

(గుంటూరులో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాటల్లో ఉన్నది ఉన్నట్టుగా, అక్కడక్కడ కుదించి ఇస్తున్నాం. ట్యాలీ అంటే వ్యాపారులు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి.

ఇందాక నన్ను సైబర్ నిపుణుడు అని పరిచయం చేశారు. అంత పెద్ద మాట వద్దు. నేను కంప్యూటర్లు బాగుచేసే మనిషిని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పట్నంబజార్‌లోనూ, మిర్చి యార్డు చుట్టుపక్కలా మీ టేబుళ్ల కింద దూరి వైర్లు సర్దినవాణ్ణి. ఆ టేబుళ్ల కింద ఏముందో మీకంటే నాకే ఎక్కువ తెలుసు. (నవ్వులు)

అందుకే ముందు నా తప్పు ఒకటి చెప్పి తర్వాత మీ సంగతికి వస్తాను.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఒక కమీషన్ కొట్టు యజమాని ఫోన్ చేశారు. పేరు వద్దు, పెద్దాయన. "బాబూ, బయటికి రానివ్వట్లేదు. లెక్కలన్నీ కొట్లో కంప్యూటర్లో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ట్యాలీ చూసుకునే మార్గం ఉందా?" అని అడిగారు. ఉంది. విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ అని ఒక సదుపాయం ఉంటుంది. రూటర్‌లో 3389 అనే పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి కంప్యూటర్లోకి వచ్చే తలుపు, తెరిచిపెడితే చాలు, ఎక్కడ కూర్చున్నా కొట్లో కంప్యూటర్ మన ఎదురుగా ఉన్నట్టే. పది నిమిషాల పని. చేసిపెట్టాను. పాస్‌వర్డ్ ఏం పెట్టానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కొట్టు పేరు, పక్కన ఒకటి రెండు మూడు. పెద్దాయనకు గుర్తుండాలి కదా అని. (నవ్వులు) మీరు నవ్వకండి. మీలో కొందరివి ఇప్పటికీ అవే. పెట్టింది నేనే కాబట్టి నాకు తెలుసు.

లాక్‌డౌన్ అయిపోయింది, యార్డు తెరిచారు. ఆ తెరిచిన తలుపు మూయాలని ఆయనకు తెలీదు, నాకు గుర్తులేదు. రెండేళ్లకు పైనే అలా గడిచిపోయింది. తర్వాత, సీజన్ మంచి ఊపులో ఉండగా, ఒక సోమవారం పొద్దున ఏడింటికి ఫోన్. "ట్యాలీ తెరుచుకోవట్లేదు బాబూ." మామూలుగా అయితే లైసెన్స్ గొడవో, కరెంటు పోయి ఫైల్ పాడవడమో అయ్యుంటుంది. టీ తాగి తీరిగ్గా వెళ్లాను. చూస్తే ప్రతి ఫైల్ పేరు చివరా ఏదో కొత్త తోక ఉంది. ట్యాలీ డేటా, ఎక్సెల్ షీట్లు, మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు, అన్నిటికీ. డెస్క్‌టాప్ మీద ఒక చీటీ: మీ ఫైళ్లకు తాళం వేశాం, ఈ మెయిల్‌కు రాయండి, బిట్‌కాయిన్‌లో కట్టండి, తాళం చెవి ఇస్తాం అని. దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు.

"మన మీద ఎవరికండీ పని? నేనేమన్నా అంబానీనా?" అన్నారు పెద్దాయన. ఈ మాట నేను వెళ్లిన ప్రతి కొట్లో వింటాను. మీరెవరో వాడికి తెలీదు, తెలియనక్కర్లేదు కూడా. వాడి ప్రోగ్రాములు రాత్రీ పగలూ ఇంటర్నెట్ మీద తిరుగుతూ 3389 తలుపు ఎక్కడ తెరిచి ఉందో వెతుకుతాయి. కనబడితే తట్టడం మొదలుపెడతాయి. అడ్మిన్ వన్ టూ త్రీ, వెల్‌కమ్ వన్ టూ త్రీ, కంపెనీ పేరు, ఊరి పేరు, అలా వేల పాస్‌వర్డులు. తర్వాత నేను ఆ కంప్యూటర్ లాగ్, అంటే ఎవరెప్పుడు లోపలికి రాబోయారో అది రాసుకునే చిట్టా, తీసి చూస్తే, తప్పు పాస్‌వర్డుతో వచ్చి వెనక్కి పోయిన ప్రయత్నాలు పేజీలకు పేజీలున్నాయి. ఎప్పుడో ఒకటి తగిలింది. తగిలిన వెంటనే ఏమీ చెయ్యలేదు. శుక్రవారం రాత్రి దాకా ఆగారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. రెండు రోజులు ఎవరూ కంప్యూటర్ ముట్టుకోరు.

"బ్యాకప్ ఉందిగా!" అన్నాను, ధైర్యంగా. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనిపించింది కూడా నేనే. రోజూ సాయంత్రం గుమస్తా బ్యాకప్ తీసేవాడు, ఒక్కరోజు కూడా మానలేదు. కానీ తీసిన తర్వాత ఆ డిస్కును పీకి బీరువాలో పెట్టమని నేను చెప్పలేదు. అది ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. కంప్యూటర్‌కు కనబడేది ఏదైనా వాడికీ కనబడుతుంది. దానికీ తాళం పడింది.

నో మోర్ రాన్సమ్ అని ఒక సైట్ ఉంది. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి పెట్టారు. కొన్ని రకాల తాళాలకు అక్కడ చెవులు ఉచితంగా దొరుకుతాయి. మాకు తగిలిన రకానికి దొరకలేదు. డబ్బు కడదామా అన్నారు పెద్దాయన. కట్టినా ఇస్తాడని నమ్మకం లేదు, ఇచ్చినా మళ్లీ రాడని నమ్మకం లేదు. వద్దన్నాను. ఏం చేశామంటే, ఆడిటర్ గారి ఆఫీసులో రిటర్నుల కోసం ఇచ్చిన జనవరి కాపీ ఒకటి దొరికింది. అక్కణ్ణుంచి జీఎస్టీ పోర్టల్లో ఉన్న ఇన్‌వాయిసులు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రైతులకు రాసిచ్చిన పట్టీల కార్బన్ కాపీలు ముందేసుకుని, ముగ్గురు మనుషులు పదిహేడు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించారు. నేను డబ్బులు తీసుకోలేదు. ఆ పదిహేడు రోజులూ టీలు కూడా నేనే తెప్పించాను.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో తెలివైన దొంగ ఎవడూ లేడు. ఒక తలుపు తెరిచి మర్చిపోయాం, అంతే. మీ తలుపులు ఏవి తెరిచి ఉన్నాయి, మీ తాళం చెవులు ఎవరెవరి దగ్గరున్నాయి, ఇదొక్కటే ఇవాళ నేను అడగబోయేది.

బ్యాకప్ విషయం ఇక్కడే ముగించేస్తాను. రెండు డిస్కులు కొనండి. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో. వారం వారం మార్చండి. బ్యాకప్ అవగానే పీకెయ్యండి. నెలకొకసారి వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ రుచి చూడని ఆవకాయ లాంటిది, జాడీ నిండా ఉంటుంది గానీ బూజు పట్టిందో లేదో మూత తీస్తేనే తెలుస్తుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. వైరస్ తినేసింది అంటే ఆఫీసరు గారు ఒప్పుకోరు. ఇంటి నుంచి ట్యాలీ చూడాలా? ట్యాలీలోనే రిమోట్ సదుపాయం ఉంది, లేదా వీపీఎన్, అంటే ఇంటి నుంచి కొట్టు కంప్యూటర్‌కు బయటివాళ్లు దూరలేని విడి దారి, పెట్టించుకోండి. రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి మాత్రం పెట్టొద్దు.

ఇప్పుడు తాళం చెవులు. జీఎస్టీ పోర్టల్లో మీ రిజిస్ట్రేషన్‌కు ఇచ్చిన మొబైల్ నంబరు ఎవరిది? చేతులెత్తండి, మీదేనా? ... చూశారా, పదీ పన్నెండు చేతులు లేచాయి. మిగతావాళ్లది ఎవరిది? ట్యాక్స్ కన్సల్టెంట్‌ది. ఇంకా కొందరిది, ఆయన దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడిది! 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన హడావిడిలో ఎవరి నంబరు చేతికి వస్తే అది కొట్టారు. ఇప్పుడు ఓటీపీ అంతా అతనికి వెళుతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు పోర్టల్లో లాగిన్‌కు అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. మంచిదే. కానీ ఆ ఓటీపీ మీ చేతికి రానప్పుడు మీకేం లాభం? కన్సల్టెంట్ మంచివాడే, కాదనను. ఆయనతో రేపు ఫీజు దగ్గర మాట తేడా వస్తే మీ సొంత లెక్కలు మీరు తెరవలేరు. ఈ వారంలోనే మొబైల్, ఈమెయిల్ రెండూ మీవి పెట్టించండి.

రెండోది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, కంప్యూటర్లో మీ సంతకం పెట్టే పరికరం. పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. అందరివీ ఆడిటర్ గారి సొరుగులో, రబ్బరు బ్యాండ్ వేసి, పిన్ నంబరు దాని మీదే స్టిక్కర్ అంటించి ఉంటాయి. చూశాను నేను. సంతకం చేసిన ఖాళీ చెక్కు పుస్తకం అలా ఎవరి దగ్గరైనా వదిలేస్తారా? అదీ అదే. పని ఉన్నప్పుడు ఇవ్వండి, అయ్యాక తెచ్చుకోండి.

మూడోది వాట్సాప్. ఇప్పుడు ఆర్డర్లన్నీ అందులోనే కదా. ఎవరిదైనా ఫోన్ ఉందా? లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, మీ వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపిస్తుంది, తెరవండి. ఎన్ని కనబడుతున్నాయి? ... అన్నగారు నాలుగు అంటున్నారు. ఏవేంటి అన్నగారూ? తెలీదా! (నవ్వులు) పోయినేడు మానేసిన కుర్రాడు ఇప్పుడు పక్క కొట్లో కూర్చుని మీ రేట్లన్నీ చదువుతూ ఉండొచ్చు. తెలియనివన్నీ ఇప్పుడే లాగౌట్ కొట్టండి. అదే సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ పెట్టండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేది. ఈమెయిల్. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చాలన్నా, జీఎస్టీది మార్చాలన్నా లింకు దానికే వస్తుంది. అది పోతే అన్నీ పోయినట్టే. మీలో చాలామంది మెయిల్ ఐడీలు ఎప్పుడో పదిహేనేళ్ల కిందట ఏ నెట్ సెంటర్ కుర్రాడో తయారుచేసిపెట్టినవి. రికవరీ నంబరు ఇంకా అతనిదే. దాన్ని మార్చి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోండి. పాస్‌వర్డ్ గురించి ఊదరగొట్టను. మీ అమ్మమ్మ తిట్టే తిట్టు ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగ్గా రాసి పెట్టుకోండి, మరిచిపోరు. మెయిల్‌కు ఒకటి, బ్యాంకుకు ఇంకొకటి, అంతే.

మెయిల్ అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి పేపర్లో చదివే ఉంటారు. 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా పోయాయి. గోడకు కన్నం వెయ్యలేదు, తుపాకీ చూపించలేదు. ఉద్యోగులకు మెయిళ్లు పంపారు. ఎవరో తెరిచారు, అందులోంచి ఒక ప్రోగ్రాం కంప్యూటర్లోకి దిగింది. భద్రత విషయంలో లోపాలున్నాయని తర్వాత రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా కూడా వేసింది. బ్యాంకుకే అలా అయినప్పుడు మన గుమస్తా "పెండింగ్ ఇన్‌వాయిస్" అని వచ్చిన అటాచ్‌మెంట్ తెరవడా?

మనలాంటివాళ్లకు మెయిల్లో వచ్చే దెబ్బ ఇంకో రకం. మీరు ఎప్పటినుంచో సరుకు తెప్పించుకునే పార్టీ నుంచి మెయిల్ వస్తుంది. అదే పేరు, అదే లోగో, మీరు కట్టాల్సిన బిల్లు నంబరుతో సహా. "మా బ్యాంకు ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ కొత్త ఖాతాకు పంపండి" అని ఒక్క వాక్యం కొత్తగా ఉంటుంది. ఇద్దరిలో ఒకరి మెయిల్లో వాడు దూరి, నెల రోజులు మీ ఉత్తరాలన్నీ చదివి, డబ్బు కదిలే రోజుదాకా కాచుకుని కూర్చున్నాడన్నమాట. మెయిల్ అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన చిన్న అక్షరాల్లో రాస్తే ఎమ్ లాగే కనబడతాయి. మనకు కళ్లజోడు పెట్టుకున్నా తెలీదు.

దీనికి మందు సాఫ్ట్‌వేర్ కాదు. ఖాతా నంబరు మారింది అని ఎవరు ఏ రూపంలో చెప్పినా, పాత డైరీలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అవతలి మనిషి గొంతు వినండి. మెయిల్ కింద ఇచ్చిన నంబరుకు కాదు, అక్కడ ఎత్తేది వాడే. ఇంకొకటి, 2025 ఏప్రిల్ నుంచి ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం బ్యాంకులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేరు చదవండి. కంపెనీకి పంపుతుంటే ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆపెయ్యండి.

కౌంటర్ దగ్గర యూపీఐ సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు, త్వరగా చెప్పేస్తా. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు, డబ్బు పడిందని చెప్పే పెట్టె మోగాలి లేదా మీ ఫోన్లో పడాలి. పొద్దున కొట్టు తెరవగానే క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించారేమో గోటితో గీరి చూడండి. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు. టిఫిన్ సెంటర్లకు "ఆర్మీ క్యాంపు నుంచి, రెండు వందల ప్లేట్ల ఇడ్లీ కావాలి, అడ్వాన్సు కోసం ఈ కోడ్ స్కాన్ చెయ్యండి" అని హిందీలో వచ్చే ఫోన్లన్నీ ఇదే బాపతు. పెద్ద ఆర్డర్ అనగానే మనకు సంతోషంతో చెయ్యి ముందుకెళ్లిపోతుంది, అదే వాడి ధీమా.

ఏపీకే ఫైళ్ల గురించి మాత్రం ఒక నిమిషం ఆగుతా. వాట్సాప్‌లో "ఆర్టీవో చలాన్", "పెళ్లి శుభలేఖ", "పీఎం కిసాన్" అని ఫైల్ వస్తుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే పోయింది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన పర్మిషన్లన్నిటికీ సరే అన్నారంటే మీకు వచ్చే ఎస్సెమ్మెస్‌లన్నీ వాడికి వెళతాయి, ఓటీపీతో సహా. కొట్టు బ్యాంకు ఖాతాకు లింకైన సిమ్ ఉన్న ఫోన్లో మీ అబ్బాయి గేములు ఆడుతున్నాడా? చవక ఫోన్ ఒకటి విడిగా కొని, బ్యాంకు సిమ్ అందులో వేసి, గల్లాపెట్టెలో పెట్టుకోండి.

అప్‌డేట్లు. మీకు చిరాకు, నాకు తెలుసు. బిల్లు కొట్టేటప్పుడే అది తిరుగుతూ కూర్చుంటుంది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు మన ఆంధ్రలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దానికి మందును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలల ముందు! వేసుకోనివాళ్లకే జబ్బు. విండోస్ 7కు 2020 జనవరితో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మీ కొట్లలో ఇంకా సెవెన్ నడుస్తోంది, పైగా దొంగ కాపీ. కొత్త మెషీన్ కొనలేనంటే, పాతదాన్ని ఇంటర్నెట్ నుంచి పీకి బిల్లులకు మాత్రమే వాడండి. నా వ్యాపారం కోసం చెబుతున్నానని అనుకుంటే పక్క షాపులో కొనుక్కోండి. (నవ్వులు)

అన్నీ చేసినా ఒక్కోసారి డబ్బు పోతుంది. పోయిందని తెలిసిన క్షణం 1930కి, అంటే సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చెయ్యండి. బావమరిదికి కాదు, తెలిసిన కానిస్టేబుల్‌కు కాదు, ముందు 1930. ఖాతా నంబరు, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. వాళ్లు ఆ డబ్బు వెళ్లిన బ్యాంకుకు కబురు పంపి అక్కడ ఉన్నంతవరకు ఆపించే ప్రయత్నం చేస్తారు. వాడు దాన్ని ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు చిల్లర చేసేస్తుంటాడు కాబట్టి ప్రతి నిమిషం లెక్కే. పరువు పోతుందని రెండు రోజులు దాచుకుని వెళితే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది. బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎవరో కాజేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్ల మీద నష్టం పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మీదే.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, నాది సెల్ షాపు. ఎవడో కొన్న ఫోనుకు యూపీఐ కొట్టాడు. వారానికి నా ఖాతా మొత్తం ఆపేశారు. ఏదో వేరే రాష్ట్రం పోలీసు కేసంట. నేనేం చేశాను?

జవాబు: మీరేం చెయ్యలేదు. ఎక్కడో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బుతో మీ దగ్గర సరుకు కొన్నాడు. ఆ డబ్బు జాడ పట్టుకుని వస్తే మీ ఖాతా తగిలింది. బ్యాంకుకు వెళ్లి ఏ ఫిర్యాదు నంబరు మీద, ఏ స్టేషన్ వాళ్లు, ఎంత మొత్తానికి ఆపారో రాసి ఇమ్మనండి. బిల్లు, ఒక్కో ఫోనుకు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు, కెమెరా ఫుటేజీ జతచేసి ఆ స్టేషన్‌కు మెయిల్ పెట్టండి, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని అడగండి. తిరగాల్సి వస్తుంది, అబద్ధం చెప్పను. ముందుజాగ్రత్తగా క్యూఆర్ డబ్బు పడే ఖాతా ఒకటి, పెద్ద పార్టీలకు కట్టే ఖాతా ఒకటి విడిగా పెట్టుకుంటే కొట్టు ఆగిపోదు. ఇంకో మాట, ఇక్కడ కుర్రాళ్లు కూడా ఉన్నారు. కమీషన్ ఇస్తాం, మీ బ్యాంకు ఖాతా నెల రోజులు వాడుకుంటాం అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అప్పుడు మీరు ఇరుక్కున్న వ్యాపారి కాదు, ముద్దాయి.

ప్రశ్న: మంచి యాంటీవైరస్ ఏదో చెప్పండి.

జవాబు: విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచి, అప్‌డేట్లు వేసుకుంటే మీ అవసరానికి చాలావరకు చాలు. దొంగ సాఫ్ట్‌వేర్ కోసం యాంటీవైరస్‌ను కాసేపు ఆపమని ఎవడైనా చెబితే, వాణ్ణి కొట్లోంచి పంపించండి. ఒకప్పుడు నేనూ ఆపేవాణ్ణి.

ప్రశ్న: మా గుమస్తా పద్దెనిమిదేళ్ల నుంచి ఉన్నాడు. మీరేమో తాళం చెవులు ఎవరి చేతికీ వదలొద్దు అంటున్నారు. అతన్ని అనుమానించినట్టు ఉండదా? అయినా ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారుగా.

జవాబు: ఆ పెద్దాయన కొట్లో జరిగినప్పుడు మొదట ఎవరి మీద అనుమానపడ్డారో తెలుసా? ఇలాగే పాత గుమస్తా మీద. అందరూ ఒకే లాగిన్‌తో, ఒకే పాస్‌వర్డుతో పనిచేసేవాళ్లు. ఎవరు ఏం చేశారో చెప్పడానికి ఆధారం లేదు. నేను లాగ్ తీసి చూపించేదాకా, మూడు రోజులు ఆ మనిషి అన్నం తినలేదు. ట్యాలీలో అతనికి విడిగా ఒక యూజర్ పెట్టండి, బిల్లులు రాసే హక్కు ఉంచండి, తీసేసే హక్కు మీ దగ్గర పెట్టుకోండి. బ్యాంకులో అతను పేమెంట్ ఎక్కించాలి, మీరు మీ ఫోన్లో ఒప్పుకోవాలి. ఎందుకు పెడుతున్నారో అతన్ని కూర్చోబెట్టి చెప్పండి.

ప్రశ్న: ఆయన దగ్గరే ఉన్నాడా ఆ గుమస్తా?

జవాబు: ఉన్నాడు. మూడో వరసలో కూర్చున్నాడు, ఇందాకటి నుంచి నన్నే చూస్తున్నాడు. (నవ్వులు, చప్పట్లు) సరే, టీ వచ్చినట్టుంది. రూటర్ వెనక స్టిక్కర్ ఫొటో తీసుకొచ్చినవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి. 3389 ఎవరెవరికి తెరిచి పెట్టానో నా పాత డైరీ తెచ్చాను. పేర్లు పిలుస్తాను.